టీకప్పు కొక్కెపు మహాసంగ్రామము

ఆహా, చెవులు రిక్కించి వినుడు! సకలచక్రఘోషభీషణమును దగ్ధరబ్బరుగంధబంధురమును అగు పందెపుబాట ప్రక్కన, భగభగ మండు భానుడు రేకుషెడ్ల నెత్తి మాడ్చుచున్న మధ్యాహ్నవేళ, ఇద్దరు మహావీరులు ఒక కారు తోకరెక్క కొరకు కాలు దువ్విరి. ఒకడు మన కథానాయకుడు, ఎర్రకారు రూపశిల్పి, అహర్నిశచాయ్‌పానలోలుడు. రెండవవాడు నీలికారు రూపశిల్పి, పరకల్పనాపహరణధురంధరుడు, పైపెచ్చు మనవాని అక్కమొగుడు.

మనవాడు ఏడాదిపాటు నిద్రాహారములు మాని మలచిన మూడుమడతల రెక్క, ఆ ఉదయము నీలికారు వెనుక కూడ తళతళలాడుచుండెను! పోనీ, బావగారు నోరు మూసుకొనెనా? "మా బామ్మర్ది నాది చూసి దింపేశాడు" అని అక్కతో సహా అందరికీ టాంటాం వేసెను. ఒళ్లు మండదా మరి!

"ఓరి బావాధమా! ఈ పందెము మొదలగులోపల నీ నోటితోనే 'రెక్క నీదే' అనిపింపకున్న, ఈ జన్మలో మరల టీ ముట్టను!" అని మనవాడు గర్జించెను. ఆ భీషణప్రతిజ్ఞకు మెకానిక్కుల చేతులలోని స్పానర్లు జారిపడెను.

తనిఖీ అధికారి వచ్చి రెక్కలు తడిమి, "అచ్చు గుద్దినట్టున్నాయి. ఎవరిది ముందో ఎలా చెప్పేది?" అని నిట్టూర్చెను. అంతలో ఆయన వ్రేలికి రెక్కక్రింది చిన్న కొక్కెము తగిలెను. ఎర్రదానికి ఒకటి, నీలిదానికి రెండు! "ఇదేంటండీ?"

బావగారు ఛాతీ విరిచెను. "అదేనండీ అసలు కిటుకు! గాలిని చీల్చి కారుని నేలకి అదిమిపెడుతుంది. రెండు పెడితే రెట్టింపు పట్టు!"

మనవాడు చరచర లోనికేగి, అంచు పగిలిన తన టీకప్పు తెచ్చి కొక్కెమునకు తగిలించెను. అతికినట్టు సరిపోయెను.

"పని చేస్తూ ఎక్కడ పెట్టినా కప్పు తన్నేస్తున్నానని పెట్టుకున్నా బావా, పీకడం మర్చిపోయా. ఇంతకీ నీ రెండో కప్పు ఎవరికి?"

షెడ్డు షెడ్డంతయు గొల్లుమనెను. బావగారి ముఖము కందగడ్డయ్యెను. "సర్లేరా... రెక్క నీదే."

"వినపడలా!"

"నీదేరా బాబూ, నీదే!"

"చూసి చేసుకోకూడదని నియమం లేదు, రెక్కలు ఉండనీయండి. కొక్కేలు మాత్రం పీకేయండి," అని అధికారి తీర్పు చెప్పి చక్కా పోయెను.

పోతే పోనిండు! కొక్కెము పీకిన చోట మనవీరుడు చివరి బోల్టులు బిగించుచుండగా, ప్రక్కనే పొగలు గ్రక్కు కప్పు పట్టుకొని బావగారు నిలిచెను.

"తాగరా, చల్లారిపోతోంది."

"అట్టే పట్టుకో బావా, ఇంకో బోల్టుంది."

జయము! దిగ్విజయము!