శుభ్రహస్త ముద్ర

పశువుల జబ్బులు మనుషులకు సోకరాదని పశుమేళా నిర్వాహక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతులను పై అధికారులకూ, పత్రికలకూ, పందిళ్ళు వేసే కాంట్రాక్టరుకూ పంపారు. జబ్బులకు ప్రతి పంపే బాధ్యత ఎవరికి అప్పగించాలన్న చర్చ మాత్రం కాలాభావం వల్ల వాయిదా పడింది.

ఈ తీర్మానానికి కారణం లేకపోలేదు. కిందటేడు మేళాలో దూడల్నీ మేకపిల్లల్నీ నిమిరి వెళ్ళిన పిల్లలు చాలామంది వాంతులూ విరేచనాలతో మంచం పట్టారు. విచారణ సంఘం వేశారు. పిల్లలందరికీ ఇంటికి వెళ్ళాకే జబ్బు చేసింది గనక అవి ఇళ్ళకు సంబంధించిన జబ్బులని ఆ సంఘం తేల్చింది. (తేల్చినవారికి శాలువాలు కప్పారు.)

అయినా ఈసారి ముందుజాగ్రత్తగా పశువైద్యురాలిని సలహా అడిగారు. ఆవిడ కూర్చోకుండానే చెప్పేసింది.

"పెద్ద పనేం కాదండీ. పిల్లలు పశువుల్ని ముట్టుకుని బయటికొచ్చే దారిలో ఒక కుళాయి, సబ్బు పెట్టించండి. లోపల తిండి అమ్మనివ్వకండి. విరేచనాలతో పారుకుంటున్న దూడని తీసుకురానివ్వకండి. అంతే."

ఇంత చవకైన సలహాను ఉన్నదున్నట్టు పాటిస్తే ఇక సంఘం ఎందుకున్నట్టు? సభ్యులు పూట పూటంతా మథనపడి దాన్ని సవరించారు. ఆ సవరణలను అమలుపరిచే భారం పారిశుద్ధ్య పర్యవేక్షకుడి నెత్తిన పడింది.

పర్యవేక్షకుడు బుద్ధిమంతుడు. ఈ ఉద్యోగంలో చేరాకే పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని కన్నాడు, ఆ కూతురు ఇప్పుడు బడికి కూడా పోతోంది. ఉద్యోగం మాత్రం ఇంకా తాత్కాలికంగానే ఉంది. సంఘం అధ్యక్షుడు అతని భుజం తట్టి, "ఈసారి జబ్బుల సంఖ్య సున్నా రావాలయ్యా. వచ్చిందా, నీ ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది" అన్నాడు. జబ్బులు రాకూడదని అనలేదు, సంఖ్య సున్నా రావాలన్నాడు. ఆకలి మీదున్నవాడికి ఇలాంటి తేడాలు ఇట్టే కనిపిస్తాయి.

మొదటి సవరణ కుళాయిది. కుళాయిని దాణా వ్యాపారి ఒకాయన విరాళమిచ్చాడు. దాత పేరున్న బోర్డు కుళాయికన్నా బాగా పెద్దది. ముఖ్య అతిథి వచ్చేది ముందు గేటులోంచి గనక బోర్డు ముందు గేటు దగ్గరే ఉండాలి, బోర్డు ఉన్నచోటే కుళాయి ఉండాలి.

"చేతులకి జబ్బు అంటుకునేది పశువుని ముట్టుకున్నాక కదండీ. ముందే కడుక్కుంటే ఏం లాభం?" అంది పశువైద్యురాలు.

"అమ్మా, మనం ఎవరింటికైనా వెళ్తే కాళ్ళు కడుక్కుని లోపలికెళ్తామా, బయటికొచ్చి కడుక్కుంటామా? అవి పశువులైనంత మాత్రాన వాటికి మర్యాద అక్కర్లేదా?" అన్నాడు అధ్యక్షుడు. సభ చప్పట్లు కొట్టింది.

రెండో సవరణ పర్యవేక్షకుడి సొంత బుర్రలో పుట్టింది. అందుకని దాని మీద అతనికి కన్నబిడ్డంత మమకారం. చేతులు కడుక్కున్నవాళ్ళెవరో, కడుక్కోనివాళ్ళెవరో ఎలా తెలియాలి? గేటు దగ్గర కడుక్కున్న ప్రతివారి అరచేతిలోనూ ఊదారంగు సిరాతో ఒక ముద్ర వేయాలి. (మాంసం తనిఖీ చేసేవాళ్ళు వాడే సిరానే తెప్పించారు. నాణ్యతలో రాజీ పడలేదు.) ముద్రలో 'శుభ్రహస్తం' అని ఉంటుంది. లోపల ఎవరి అరచేతిలో ముద్ర కనిపించకపోతే వాళ్ళు కడుక్కోనివాళ్ళ కింద లెక్క. వాళ్ళను బయటికి పంపి మళ్ళీ వరసలో నిలబెట్టాలి.

మేళా మొదలైన పూటే ఈ పద్ధతి ఎంత పకడ్బందీదో రుజువైంది. ఒక ముసలావిడ మేకపిల్లను ముద్దు చేసి, పక్కకు వెళ్ళి సీసాలో నీళ్ళతో, సంచిలోంచి తీసిన సబ్బుతో చేతులు శుభ్రంగా తోముకుంది. ముద్ర పోయింది. కాపలావాళ్ళు ఆమెను పట్టుకుని పర్యవేక్షకుడి ముందు నిలబెట్టారు.

"ఇప్పుడే కడుక్కున్నాను నాయనా. చూడు, తడి కూడా ఆరలేదు."

"అది సరేనమ్మా. కడుక్కున్నట్టు రుజువేదీ?"

"ఈ సబ్బు వాసన చూడు."

"వాసనకి ముద్ర లేదు కదమ్మా."

ఆవిడను చేతులు కడుక్కోని నేరానికి బయటికి పంపేశారు. ఆ సంగతి నోటా నోటా పాకి, సందర్శకులు నీళ్ళంటేనే జడుసుకున్నారు. అరచేయి తడవకుండా పిడికిలి బిగించి తిరిగారు. ముద్ర చెరగకుండా తెచ్చినవాళ్ళకు బయటికొచ్చే దారిలో పాల కంపెనీవాళ్ళు ఉచితంగా పాల ఐసు ఇచ్చారు. ముద్రపడిన చేతికే ఇవ్వాలని నిబంధన. పుల్ల పెట్టలేదు గనక ఐసు అరచేతిలోనే పెట్టేవారు, పిల్లలు అక్కడే నాకేసేవారు.

మధ్యాహ్నానికి పశువైద్యురాలు వగరుస్తూ వచ్చింది. "పిల్లలు నిమిరే దొడ్లో ఆ తెల్లదూడ పొద్దుట్నుంచీ పారుకుంటోందండీ. తోకంతా అదే. వెంటనే తీయించెయ్యండి."

పర్యవేక్షకుడు పరుగున అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. అధ్యక్షుడు తాపీగా ఆలోచించాడు. జబ్బు చేసిందంటేనే దూడను తీయాలి. జబ్బు చేసిందంటే సంఖ్య ఒకటవుతుంది. పైగా గోడల మీద అంటించిన బొమ్మల్లో ఉన్నది ఆ దూడే.

"ప్రయాణం చేసొచ్చిన దూడ. బడలిక ఉండదా?" అన్నాడు. "నీ ఇష్టమయ్యా. తీయిస్తానంటే నేను అడ్డం రాను. సంఖ్య మాత్రం నువ్వే రాయాలి."

కాసేపటికి దొడ్డి కమ్మికి ఒక అట్ట వేలాడింది: 'ఈ దూడకు ప్రయాణ బడలిక. మెల్లగా నిమరగలరు.' అక్షరాలు పర్యవేక్షకుడివే. అట్ట చూసి జాలిపడి జనం ఇంకా ఎక్కువగా నిమిరారు.

సరిగ్గా ఆ వేళకే అతని భార్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. అతను గబగబా వాళ్ళ దగ్గరికి నడిచాడు. అప్పటికే ఆ పిల్ల దూడ మెడ కావలించుకుని ఉంది. దూడ దాని చెయ్యి మోచేతిదాకా నాకుతోంది.

"రా తల్లీ, చెయ్యి కడుక్కుందువుగాని."

"వద్దు. ముద్ర పోతుంది. ఐసు ఇవ్వరు."

"నేను కొనిస్తాగా."

"కొన్నది కాదు. ముద్రకిచ్చేదే కావాలి. నువ్వే చెప్పావుగా నాన్నా, చెరిపితే కడుక్కోనట్టే అని."

అతను పిల్ల రెక్క పట్టుకున్నాడు. తలెత్తి చూస్తే నాలుగడుగుల అవతల అధ్యక్షుడు ముఖ్య అతిథికి ముద్ర పద్ధతి గొప్పతనం వివరిస్తూ, "అదిగో, ఆయనే దీన్ని కనిపెట్టింది" అంటూ ఇటే చూపిస్తున్నాడు. పర్యవేక్షకుడు పిల్ల చెయ్యి వదిలేసి నమస్కారం పెట్టాడు. అంతలో పిల్ల ఐసు దగ్గరికి తుర్రుమంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది, కానీ ముఖ్య అతిథి ముందు అది బాగుండదు.

మేళా ముగిసిన కొద్ది రోజులకే పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. నెత్తురు కూడా కనిపించేసరికి భార్యాభర్తలు పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్లల వార్డు వసారాలో కాలు పెట్టడానికి చోటు లేదు. బెంచీ మీద అధ్యక్షుడు వాడిపోయిన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోడవారన సంఘం కోశాధికారి, అతని కవల పిల్లలు, బిడ్డల్నెత్తుకున్న మరికొందరు సభ్యులు. మందుల కిటికీ దగ్గర దాణా వ్యాపారి.

"ఏమిటి ఇలా వచ్చావ్?" అన్నాడు అధ్యక్షుడు.

"పాపకి తిండి తేడా చేసిందండీ."

"మా వాడికీ అంతే. ఎండలు కదా."

చూసుకుంటే సంఘానికి కోరం సరిపోయింది. ఎలాగూ అందరూ ఖాళీగానే ఉన్నారు గనక, వార్డు తలుపు పక్కనే మేళా సమీక్షా సమావేశం జరిగింది. జబ్బుల సంఖ్య సున్నా అని అధ్యక్షుడు ప్రతిపాదించాడు, ఒక కవలను చంకనెత్తుకుని కోశాధికారి బలపరిచాడు. పర్యవేక్షకుడి ఉద్యోగం ఖాయం చేస్తూ మరో తీర్మానం కూడా నెగ్గింది. (రెండో కవల వాంతి చేసుకోవడంతో అభినందన ప్రసంగాలు రద్దయ్యాయి.)

అప్పుడే డాక్టరుగారు పర్యవేక్షకుడి పిల్లను లోపలికి పిలిచారు. పొట్ట నొక్కి చూశారు. తలుపు తెరిచే ఉంది. వసారాలో అందరూ చెవులు రిక్కించారు.

"పొద్దుట్నుంచి ఇలాంటి కేసులే. అందర్నీ అడుగుతున్నా, ఎవరూ తిన్నగా చెప్పరు. పిల్ల ఎక్కడైనా పశువుల్ని ముట్టుకుందా? తెలిస్తే ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది. తెలియకపోతే అన్నీ చేయాలి. పసిదానికి ఇన్ని సూదులంటే..."

పర్యవేక్షకుడు పిల్ల మొహంలోకి చూశాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. తర్వాత తలుపు వైపు చూశాడు.

"లేదండీ. మా పాప మేళాకే రాలేదు."

డాక్టరుగారు నిట్టూర్చి, సూదులు తెమ్మని నర్సుకు చెప్పారు.

"కనీసం పిల్లకి చేతులు కడుక్కోవడమైనా నేర్పండి."

భార్య పిల్ల చొక్కా చెయ్యి పైకి మడుస్తూ అంది:

"ఆయనకు తీరికుండదండీ. ఊళ్ళోవాళ్ళ చేతులు కడిగించే ఉద్యోగం. ఇప్పుడే ఖాయమైంది."