ఇరవై రెండో సంతకం

కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, ఫరవాలేదనుకున్నాడు. ఎనిమిదేళ్ళుగా అతనిది తాత్కాలిక ఉద్యోగం. దాన్ని పర్మనెంటు చేసే ఫైలు ఆ సాయంత్రం ఐదింటికి పై ఆఫీసుకు వెళ్తుంది. ఫైల్లో అన్ని కాగితాలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. అధ్యాపకులకూ సిబ్బందికీ కలిపి కాలేజీ ఏటా పెట్టే శిక్షణ వర్క్‌షాప్‌కి హాజరైనట్టు సర్టిఫికెట్టు కావాలి. వర్క్‌షాప్ ఆ రోజే. అతను చెయ్యాల్సిందల్లా వెళ్ళడం, కూర్చోవడం, రావడం.

"ఏవండీ, ఈ ఒక్కరోజూ ఊళ్ళోవాళ్ళ పనులు నెత్తినేసుకోకండి," అంది భార్య గుమ్మంలో అడ్డం నిలబడి. "ఎవరేం అడిగినా కుదరదనండి. ఏదీ, ఒకసారి అనండి."

"సరే."

"సరే కాదండీ, కుదరదు."

"సరే, సరే. కుదరదు."

కాలేజీలో అతన్నందరూ 'సరేసార్' అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాల్లో మాత్రం ఉంది.

గేటు దగ్గరే లెక్కల మాస్టారు ఎదురయ్యాడు. క్లాసులో ప్రాక్సీ పలికిన విద్యార్థిని వారం రోజులు బయట నిలబెట్టే మనిషి. "ఏవయ్యా సరేసార్, మా వియ్యంకుడు స్టేషన్లో దిగి కూర్చున్నాడట. వర్క్‌షాప్‌లో నా సంతకం కూడా ఒకటి పడేద్దూ. నేనొక్కణ్ణేగా, ఎవరు చూస్తారు?"

సరేసార్ నోరు తెరిచాడు. 'కుదరదు' అన్నమాట గొంతు దాకా వచ్చింది. బయటికొచ్చేసరికి "సరే సార్" అయింది.

మెట్ల దగ్గర ఇంగ్లిషు మేడమ్‌కి పన్ను నొప్పి. వరండాలో లైబ్రేరియన్‌కి ఇంట్లో గ్యాసు కట్టేశాడో లేదో అనుమానం. ఆఫీసు సూపరింటెండెంటు కారణం కూడా చెప్పలేదు, భుజం తట్టి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఫోన్లు చేశారు. అందరిదీ ఒకటే మాట, నేనొక్కణ్ణేగా అని. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

సంతకాలు అతనికి కష్టం కాదు. ఎనిమిదేళ్ళుగా సర్క్యులర్ పుస్తకం పట్టుకుని గదిగదికీ తిరిగి అందరిచేతా సంతకాలు పెట్టిస్తున్నది అతనే. ఎవరి కొమ్ము ఎంత సాగుతుందో, ఎవరు కింద రెండు చుక్కలు పెడతారో అతనికి కంఠతా వచ్చు. సెమినార్ హాలు గుమ్మం దగ్గర బల్ల మీద హాజరు పట్టీ ఉంది. ఇరవై రెండు పేర్లు. వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయి, పని పూర్తయిందని పెన్ను జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. హాల్లో ఇరవై రెండు కుర్చీలున్నాయి. మనిషన్నవాడు లేడు. వర్క్‌షాప్‌కి వచ్చింది తనొక్కడేనని అప్పుడర్థమైంది.

ఇంతలో శిక్షకురాలు చార్టుల చుట్టతో లోపలికి వచ్చింది. పట్టీ చూసింది, కుర్చీలు చూసింది. "సంతకాలు నిండుగా ఉన్నాయి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయేంటండీ?"

"దారిలో ఉన్నారు మేడమ్," అన్నాడు సరేసార్, నీళ్ళు నములుతూ.

ఆవిడ పావుగంట చూసింది. ఈలోగా ప్రిన్సిపాల్ గది అటెండరు వచ్చి పట్టీ పట్టుకుపోయాడు. చేసేది లేక ఆవిడ మొదలుపెట్టింది. ఆనాటి అంశం, నలుగురూ కలిసి పనిచెయ్యడం ఎలా.

"ఇప్పుడు నాలుగు బృందాలుగా విడిపోండి," అని అలవాటుగా అనేసి నాలుక్కరుచుకుంది.

"సరే మేడమ్," అని సరేసార్ మొదటి బల్ల దగ్గర కూర్చుని ఒక చార్టు రాశాడు. లేచి రెండో బల్లకు వెళ్ళాడు. మూడో బృందం రెండో బృందంతో విభేదించాలని ఆవిడ చెబితే, కాసేపు ఆలోచించి విభేదించాడు. నాలుగో బృందంగా ఇద్దరికీ రాజీ కుదిర్చాడు. ఆవిడ ఇరవయ్యేళ్ళ అనుభవంలో బృందాల మధ్య ఇంత సామరస్యం ఎప్పుడూ చూడలేదు.

అభిప్రాయ పత్రాలు కూడా అతనే నింపాడు. 'చెప్పినవాటికి నిరూపణ లేదు' అని లెక్కల మాస్టారి పేరున, 'మైకు సరిగ్గా లేదు' అని లైబ్రేరియన్ పేరున రాశాడు. సూపరింటెండెంటు పేరున మాత్రం 'చూశాను' అని రాసి వదిలేశాడు.

పన్నెండింటికి వరండాలో బూట్ల చప్పుడైంది. కాలేజీకి తనిఖీకి వచ్చిన ఇద్దరు అధికారుల్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ ఇటే వస్తున్నాడు. శిక్షకురాలు గబగబా అతని దగ్గరికొచ్చింది. "ఖాళీ హాలు చూస్తే నన్నింకే కాలేజీకీ పిలవరండీ. మీరు కాస్త నేను చెప్పినట్టు ఊకొట్టండి."

అది అతనికి చెప్పవలసిన పని లేదు.

"ఏరమ్మా మావాళ్ళు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"క్షేత్ర పరిశీలన సార్. బృందాలుగా విడిపోయి, మాట్లాడకుండా, ఎవరికీ కనపడకుండా కాలేజీని గమనిస్తున్నారు."

అధికారులు కిటికీలోంచి చూశారు. నిజంగానే ఎవరూ కనపడలేదు. "అద్భుతం," అని రాసుకున్నాడొకాయన. రెండో ఆయన సరేసార్ వైపు తిరిగాడు. "మరి ఈయన వెళ్ళలేదేం?"

శిక్షకురాలు ఒక్క క్షణం తడబడింది. "ఈయన... కుర్చీలు సర్దడానికి వచ్చారు సార్. అవునా?"

"సరే మేడమ్," అని సరేసార్ ఎదురుగా ఉన్న కుర్చీ ఒకటి పక్కకు జరిపాడు.

మూడింటికే రైలుందని శిక్షకురాలు వెళ్ళిపోయింది. నాలుగింటికి ఇరవై ఒక్కరూ తలలు దువ్వుకుని హాల్లో దిగారు. గ్రూపు ఫొటోకీ సర్టిఫికెట్లకీ ఆలస్యంగా వచ్చిన చరిత్ర ఆ కాలేజీలో లేదు. ప్రిన్సిపాల్ పట్టీ చూసి ఒక్కొక్కరినీ పిలిచి చప్పట్ల మధ్య సర్టిఫికెట్లిచ్చాడు. అన్నీ అయిపోయాయి. సరేసార్ చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"సార్, నాది?"

"నీ సంతకమేదయ్యా?"

అతను వంగి చూశాడు. ఇరవై రెండో గడి ఖాళీగా ఉంది. ఆ ఒక్క సంతకం పెట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.

"నేను పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాను సార్."

"కుర్చీలు సర్దుతున్నావు, నేను చూశానుగా. ఐదింటికి ఫైలు పంపాలి. రాని మనిషి వచ్చాడని ఎలా రాయను?"

నిజం చెబితే సర్టిఫికెట్టు వస్తుందేమో. కానీ అది చెప్పాలంటే ఇరవై ఒక్క సంతకాల సంగతి కూడా చెప్పాలి. అతను నోరు తెరిచాడు. ఇరవై ఒక్క మొహాలు అతన్నే చూస్తున్నాయి. లెక్కల మాస్టారు సర్టిఫికెట్టు వెనక్కి దాచుకున్నాడు. సరేసార్ నోరు మూసుకున్నాడు.

ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. గడియారం చూసుకుని, హాలు వైపు తిరిగాడు. "పోనీ, మీలో ఒక్కరు చెప్పండి చాలు, రాసిచ్చేస్తాను. ఈయన పొద్దున్నుంచీ మీతో ఉన్నాడా? ఏ బృందంలో కూర్చున్నాడు?"

ఇంగ్లిషు మేడమ్ దవడ పట్టుకుంది. లైబ్రేరియన్‌కి గ్యాసు గుర్తొచ్చింది. బృందాలేమిటో, ఎన్నో, ఎవరికీ తెలియదు. ఒక మాట అంటే దాని వెనక పది ప్రశ్నలొస్తాయి. చివరికి లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"లేదు సార్. ఈయన్ని మేమెవరం ఇక్కడ చూడలేదు."

అందరూ అవునని తలలూపారు. పొద్దున్నుంచీ ఆ ఇరవై ఒక్కరూ చెప్పిన నిజం అదొక్కటే.