తాండూరు ఆటోలో దేవుని లగ్గం

ఆ రోజు ఇంట్లో తాత బిచ్చయ్య, నానమ్మ బుగ్గమ్మ, అన్న మల్లికార్జున్, సింధుజ ఉన్నారు. ముందురోజు తాత వికారాబాద్‌లో కొనుక్కొచ్చిన, డోలు కొట్టి గొర్రెకాపరుల దేవుడి కథ చెప్పే ఒగ్గుకథ సీడీని కూడా ఇంటి మనిషి కిందే లెక్కపెట్టాలి. పొద్దున్నుంచి అందరూ దాని గురించే కొట్లాడుతున్నారు.

అదే కథ ఫోన్‌లో ఊరికే దొరుకుతుందని మల్లికార్జున్ వాదన. గెలవడానికి కథంతా సింధుజ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసి చూపించాడు కూడా. తాత కన్నెత్తి చూడలేదు.

"ఊకెనే వచ్చేదానికి ఇలువ ఉంటదార? గిది చేతిల వట్టుకునేది."

"వట్టుకొని ఏం జేస్తవ్? ఇంట్ల వాయించే డబ్బ లేదాయె," అంది నానమ్మ.

ఊరు మొత్తంలో సీడీ పాడే యంత్రం, రోజూ తాండూరుకు జనాన్ని ఎక్కించుకెళ్లే చంద్రకాంత్ ఆటోలోనే ఉంది. తాండూరు కాలేజీలో సింధుజ హాస్టల్ సీటు తీసుకోవడానికి ఆ రోజే ఆఖరు, అదీ మధ్యాహ్నం దాకే. తోడొస్తానని తాత సీడీ పట్టుకుని ఆటో ఎక్కాడు.

పెద్దేముల్ దాటేసరికి కథ ఊపందుకుంది. తాండూరు చేరేసరికి కథలో దేవుడి పెళ్లి, అదే లగ్గం, మొదలైంది. ఒక్కరూ దిగలేదు. దేవుడి లగ్గం నడుమ లేచిపోతే మంచిది కాదని గొర్రెలు కాసే ఇళ్లలో అందరికీ తెలుసు. ఆటో ఆపితే సీడీ ఆగుతుందని చంద్రకాంత్ బస్టాండు చుట్టూ తిప్పుతూనే ఉన్నాడు. బస్టాండు పక్కనున్న కాలేజీ గేటు సింధుజ కళ్లముందుకు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. దిగుతానని గట్టిగా అనడానికి ఆమెకు సిగ్గు. మెల్లగా అంటే డోలు చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

సరిగ్గా తలంబ్రాల దగ్గర సీడీ అయిపోయింది. అది మొదటి భాగమేనట. రెండోది వేరే కొనాలట. అందరూ తనవైపు చూసేసరికి తాత తువ్వాల సర్దుకున్నాడు.

"బిడ్డా, నీ ఫోన్ల గదేదో ఉన్నదన్నడు గద మీ అన్న."

సింధుజ కథను తలంబ్రాల దాకా జరిపి, ఫోన్ తాత చేతిలో పెట్టి, లగ్గం మళ్లీ మొదలయ్యేలోపే దూకి ఉరికింది.

కౌంటర్‌లో మేడమ్ తలుపు వేయబోతూ ఆగింది. కాగితాలన్నీ చూసి, "నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. చెప్పమ్మా," అంది.

సింధుజ మొహం చూసి జాలిపడి, తాత దగ్గరున్న ఫోన్‌కు చేసుకోమని మేడమ్ తన ఫోనే ఇచ్చింది. ఆటోలో ఎవరో రెండుసార్లు కట్ చేశారు. ఆ తర్వాత తాత ఎత్తాడు. వెనక ఆటో అంతా తిడుతోంది.

"ఎవల్రా గది? తలంబ్రాలు పోస్తుంటే లగ్గం ఆపిన్రు."

"తాతా, నేనే. ఫోన్ల నంబర్ వచ్చింది. చంద్రకాంతన్నతోని జర చదివియ్యి. లేకుంటే సీటు పోతది."

"లగ్గమైనంక చెప్త. గందుకే నేను సీడీ కొన్న బిడ్డా. దాంట్లకు ఎవ్వలు ఫోన్ చెయ్యరు."

మేడమ్ ఫోన్ తీసుకుని, గడియారం చూసి, తలుపు వేసేసింది.

తలుపు అవతల ఆమె ఫోన్ మోగింది. లగ్గం అయిపోయినట్టుంది.