జాయింట్ సెక్రటరీ గారి వెనక సీటు

ఇరవై వేల రూపాయలకు మించని సామాన్లతో కారు తయారుచేసి, సాకేత్ మైదానంలో నలభై గజాలు నడిపించిన తెలుగు యువకునికి గుర్గావ్‌లోని కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇప్పించబడునని తొంభై ఆరు ఫిబ్రవరిలో రాజధానిలోని మన తెలుగు సంఘం వారు ప్రకటించారు. నలభై గజాలే ఎందుకంటే, అధ్యక్షుల వారి సొంత కారు యాభై గజాలకు ఆగిపోతుంది. దాన్ని చిన్నబుచ్చడం సంఘం ఉద్దేశం కాదు.

అధ్యక్షులు సదాశివరావు గారు. ముప్పై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్లు నడిపి రిటైరయ్యారు. అంచేత సామాన్లకు ధర కట్టే కమిటీకీ ఆయన్నే పెద్దను చేశారు. రెండో మెంబరు చెన్నకేశవులు గారు. ఆయన పని రాసుకోవడం. మూడో మెంబరుని నేను. మునిర్కాలో నలభై ఏళ్లుగా పాత కార్లు విప్పి సామాన్లు అమ్ముతున్నాను. బానెట్ ఎత్తడానికి ఒక మనిషి కావాలి గనక నన్ను వేసుకున్నారు.

పోటీకి రెండే కార్లు వచ్చాయి. ఒకటి విష్ణుది. జియా సరాయ్‌లో ఒక గదిలో ముగ్గురితో ఉంటాడు. రెండేళ్లుగా ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు, ఈసారీ రాకపోతే ఊరికి పోవడమే. సర్కారు వేలం వేసిన అంబాసిడర్ సామాన్లు నా దగ్గర కొని, నాలుగు నెలలు నా షెడ్డులోనే పడుండి కారు చేశాడు. ఖర్చు పద్దెనిమిది వేల ఏడు వందలు. నాకు తెలుసు, అమ్మింది నేనే. రెండోది అధ్యక్షుల వారి మేనల్లుడు భరద్వాజ్‌ది. దాని సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.

ధర కట్టే రోజున విష్ణు రసీదులు చూపించాడు. సదాశివరావు గారు వాటిని ఒక వేలితో వెనక్కి నెట్టారు.

"నువ్వెంతకు కొన్నావన్నది నీ సొంత గొడవ బాబూ. వస్తువు విలువ వేరు. పేపర్లో అమ్మకం ప్రకటనలు చూడవూ? డాక్టర్ నడిపిన బండి అంటే పది వేలు ఎక్కువ పలుకుతుంది. ఎందుకు?"

"ఎందుకండీ?"

"డాక్టర్ గనక."

చెన్నకేశవులు గారు రాసుకున్నారు.

అలా సూత్రం దొరికింది. ఏ సామానుకైనా ఇదివరకు వాడినవారి హోదాను బట్టి ధర. ఆ అంబాసిడర్‌లో ఒక జాయింట్ సెక్రటరీ గారు పదకొండేళ్లు తిరిగినట్టు వేలం కాగితంలో ఉంది. అందుచేత వెనక సీటుకు పద్నాలుగు వేలు కట్టారు.

"స్పాంజి ఊడిపోయిందండీ. ఎలుకలు కాపురం పెట్టాయి," అన్నాడు విష్ణు.

"అంతటివారు పదకొండేళ్లు కూర్చుంటే ఊడదూ? అది సేవకు గుర్తు."

వెనక తలుపు పిడికి పన్నెండు వందలు. ఆ పిడిని ఆయన ఏనాడూ ముట్టుకోలేదు, బంట్రోతు తీసేవాడు. తలుపు తీసుకునే అవసరమే లేనివారి పిడి గనక ఇంకో పన్నెండు వందలు. కిటికీ తెరలకు మూడు వేలు. హారనుకు రెండున్నర వేలు, దాని మోతకు గేటు దగ్గర జవాను లేచి నిలబడేవాడట. ఇంజను దాకా రాకముందే ఇరవై వేలు దాటింది. విష్ణు కారు పోటీకి పనికిరాదన్నారు.

విష్ణు స్పానరు తీశాడు. సీటు విప్పాడు, పిడి విప్పాడు, తెరలూ హారనూ విప్పి గట్టున పెట్టాడు. మిగిలింది ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, చక్రాలు, ముందు సీటు. వీటితో పని డ్రైవరుకే. డ్రైవరుకు హోదా ఏముంది? అన్నిటికీ కలిపి నూట ఇరవై రూపాయలు కట్టారు. దేశంలో ఇంత చవకైన కారు లేదని తేలింది.

అధ్యక్షుల వారు కాసేపు కళ్లు మూసుకున్నారు. తరవాత మేనల్లుడి కారు చుట్టూ ఒకసారి తిరిగారు. కొత్త సామాన్లను ఇదివరకు ఎవరూ వాడలేదు. వాడినవారు లేరు గనక హోదా లేదు. హోదా లేదు గనక ధర లేదు. మొత్తం సున్నా.

"ఠీక్ హై మామాజీ," అన్నాడు భరద్వాజ్.

"సంతకం పెట్టవయ్యా హనుమయ్యా."

నా షెడ్డు ఉన్న స్థలం చెన్నకేశవులు గారి బావమరిదిది. పెట్టాను.

పోటీ రోజున విష్ణు కారు నలభై గజాలూ నడిచి, ఆగమన్నచోట ఆగింది. భరద్వాజ్ కారు స్టార్టు కాలేదు. బంధువులు ఆరుగురు తోసుకుంటూ వేదిక దాకా తెచ్చారు.

"ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా కారు నిర్మించిన ఈ యువకుడు జాతికి ఆదర్శం," అన్నారు అధ్యక్షుల వారు. "పైగా చుక్క పెట్రోలు ఖర్చు చేయలేదు. పొదుపంటే ఇది." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఉద్యోగం భరద్వాజ్‌కు వెళ్లింది.

విష్ణు వేదిక దగ్గరికి వచ్చాడు. "నా బండి నడిచింది కదండీ."

"మీ నాన్నగారేం చేస్తారు బాబూ?"

"తణుకులో లారీ డ్రైవరండీ."

"అదీ సంగతి," అన్నారు సదాశివరావు గారు. చెన్నకేశవులు గారు అదీ రాసుకున్నారు.

రైలెక్కేముందు విష్ణు తాళం నా చేతిలో పెట్టాడు. "ఎంతొస్తే అంతకు అమ్మెయ్ తాతా."

వెనక సీటు మళ్లీ బిగించాను. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి అని పేపర్లో వేయించాను. వారమంతా కూర్చున్నాను, ఎవరూ రాలేదు. తరవాతి వారం డాక్టర్ నడిపిన బండి అని వేయించాను. మధ్యాహ్నం లోపల పదకొండు మంది వచ్చారు. అందరూ ఏ డాక్టరని అడిగారు. బానెట్ ఎత్తమన్నవారు ఒక్కరూ లేరు. బండి ముప్పై వేలకు పోయింది, ఆ డబ్బు తణుకుకు డ్రాఫ్టు తీసి పంపాను.

ఆ పదకొండు మందిలో మీరూ ఉన్నారేమో. నాకు మొహాలు గుర్తుండవు.