చేతులు దించే ఆఫీసు

కొత్తలంకపేటలో పిల్లల మీద ఎత్తిన చెయ్యి కిందికి దిగదు. ఎత్తినచోటే, చెవికి కాస్త పైన, గాలిలో ఆగిపోతుంది. ప్రభుత్వం వారు మనిషిని పంపి దించేదాకా అలాగే ఉంటుంది. ఇది ఎప్పుడు మొదలైందో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. మొదట్లో ఎముకల డాక్టరు దగ్గరికీ, తర్వాత దిష్టి తీసేవాళ్ళ దగ్గరికీ తిరిగారు. ఆ పైన దానికోసం ఒక శాఖ వచ్చింది. శాఖ వచ్చాక ఏ వింతయినా మామూలు సంగతే అవుతుంది.

ఊరు కూడా సర్దుకుంది. దర్జీలు కుడిచంక కింద గుండీలు పెట్టి జాకెట్లు కుడుతున్నారు. బస్సులో చెయ్యి లేచినవాళ్ళకు ఎవరూ సీటివ్వరు, పైనున్న రాడ్డు పట్టుకోవడానికి వాళ్ళకే వీలు గనక. బళ్ళో తల్లిదండ్రుల మీటింగు పెడితే ఎవరికి సందేహం ఉందో, ఎవరికి చెయ్యి లేచి ఉందో తేల్చుకోలేక పంతులమ్మ అందరికీ జవాబు చెబుతుంది. ఒకసారి మున్సిపాలిటీలో ఇంటిపన్ను పెంచే తీర్మానానికి కౌన్సిలర్ల చేత చేతులెత్తించారు. పిల్లల పరీక్ష మార్కులు వచ్చిన వారం అది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

శాఖ అసలు పేరు హస్తావరోహణ మరియు కుటుంబ సహాయ విభాగం. నోరు తిరగని జనం చేతుల ఆఫీసు అంటారు. తొలిరోజుల్లో ఒక ఉద్యోగి ఇంటికొచ్చి, పిల్లల పెంపకం గురించిన పుస్తకం పెద్దగా చదివి వినిపించేవాడు. దానివల్ల లేచిన చెయ్యి దిగకపోగా, రెండిళ్ళలో రెండో చెయ్యి కూడా లేచింది. అది పిల్లల మీద ఎత్తింది కాదు గనక గాలిలో ఆగలేదు. ఉద్యోగి సెలవు పెట్టాడు. తర్వాత ఆడవాళ్ళను వేశారు. వాళ్ళలో ఒకావిడ రూతమ్మ.

చేపల మార్కెట్ వెనక వీధిలో ఉండే సత్యవేణి రొయ్యల షెడ్డులో రాత్రిపూట రొయ్యలు ఒలుస్తుంది. భర్త లారీ మీద వెళితే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. ఒకరోజు పొద్దున్న ఆమె పని నుంచి వచ్చేసరికి, ఒకటో తరగతి చదివే కూతురు లాస్య కొత్త యూనిఫాం కత్తిరించి బొమ్మకు గౌను చేసింది. సత్యవేణి చెయ్యి లేచింది, ఆగింది. పిల్ల మంచం కిందికి దూరింది. బయటికైతే వచ్చింది గానీ తల్లి చెయ్యి అందే దూరంలోకి మాత్రం రాలేదు. అన్నం గడపలో పెట్టమని అక్కడే కూర్చుని తినేది. చెయ్యి నొప్పి సత్యవేణి ఓర్చుకుంది. ఆ గడప దగ్గరి అన్నాన్ని ఓర్చుకోలేకపోయింది.

మంగళవారం రూతమ్మ వచ్చింది. చెయ్యి వంక చూడను కూడా చూడలేదు.

"తిన్నావా అమ్మా?" అంది.

"లేదండి."

"పడుకుని ఎన్నాళ్ళయింది?"

సత్యవేణి ఎడమచేతి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. వేళ్ళు చాలలేదు.

రూతమ్మ పిల్లకు నీళ్ళు పోసింది. అన్నం వండి, చారు కాచి, కుడిచెయ్యి పైనున్న తల్లికి ముద్దలు కలిపి తినిపించింది. తర్వాత చాప పరిచి పడుకోమంది. సత్యవేణి చెయ్యెత్తుకునే నిద్రపోయింది. పొద్దువాలే వేళకు, ఎవరూ ముట్టుకోకుండానే, చెయ్యి మెల్లగా చాప మీదికి దిగింది. లాస్య దాన్ని ఒక వేలితో పొడిచి చూసింది. అది లేవలేదు. అప్పుడు దాన్నే తలకింద పెట్టుకుని పడుకుంది.

ఆ తర్వాత రూతమ్మ ప్రతి మంగళవారం రావడం మొదలుపెట్టింది. ఆవిడేమీ దేవత కాదు. వస్తే టీ మీద టీ తాగేది, తోడికోడలి మీద చాడీలు చెప్పేది, టీవీ ముందు గురక పెట్టేది. కానీ ఆవిడ ఉన్న పూట సత్యవేణి నిద్రపోయేది. ఆవిణ్ణి అమ్మమ్మా అని పిలిచే లాస్యకు జడ పడేది. ఆ ఇంట్లో మళ్ళీ చెయ్యి లేవలేదు.

ఈ సంగతి ఆడిటులో బయటపడింది. చెయ్యి లేవని ఇంటికి చెయ్యి దించే మనిషి వెళ్ళడం ప్రభుత్వ ధనం వృథా చేయడమేనని పైనుంచి రాసి పంపారు. రూతమ్మ రాకపోకలు ఆపేశారు. సత్యవేణి రెండు వారాలు చూసి ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి అప్పాజీ గారు మంచిమనిషి. కుర్చీ వేయించి, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

"రూతమ్మగారిని పంపండి సార్," అంది సత్యవేణి.

"చెయ్యి దిగే ఉంది కదమ్మా."

"లేస్తదండి. నాకు తెలిసిపోద్దండి. మెడ దగ్గర్నించి బరువెక్కుతా వస్తంది."

"లేచాక రండి. వెంటనే పంపిస్తాం."

"లేచాక పిల్ల నా దగ్గరికి రాదండి. లెగవకుండా ఉండాలనే అడుగుతున్నాను."

అప్పాజీ గారు నిజంగానే బాధపడ్డాడు. "జరగనిదానికి మనిషిని పంపే వీలు నిబంధనల్లో లేదమ్మా. ఊరు మునిగాకే కదా పడవలు పంపుతాం."

"అందుకేనండి, మా లంకలో ఏటా ఇళ్ళు పోతన్నాయి," అంది సత్యవేణి. ఆయన కాదనలేదు. మజ్జిగ తెప్పించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి కూతుర్ని ఎదురుగా నిలబెట్టుకుంది. "అమ్మ ఊరికే చెయ్యెత్తుద్ది, బయపడకే. అమ్మమ్మ రావాలి కదా," అని ఎత్తింది. కోపం లేని చెయ్యి గాలిలో ఆగలేదు, దిగిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దిగింది. అదేదో ఆటనుకుని లాస్య పకపకా నవ్వింది. పిల్ల నవ్వుతుంటే సత్యవేణికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఉన్న కాస్త అవకాశమూ పోయింది. అలిసిపోయి గోడకు చేరగిలబడింది.

ఆటలో అమ్మ ఓడిపోయిందని లాస్యకు అర్థమైంది. ఏం చేస్తే గెలుస్తుందో కూడా తెలిసింది. మర్నాడు పొద్దున్న సత్యవేణి షెడ్డు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా, పిల్ల ఈ ఏడు పెట్టిన ఆవకాయ జాడీ మూత తీసి, తల్లి కళ్ళముందే చెంబెడు నీళ్ళు గుమ్మరించింది.

చెయ్యి లేచింది. ఈసారి లాస్య మంచం కిందికి పోలేదు. దాని కిందే నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు చెవులదాకా ముడుచుకుని ఆగింది. ఎంతకీ దెబ్బ పడకపోయేసరికి ఒక కన్ను తెరిచి పైకి చూసింది. "లేచిందమ్మా," అంది. పక్కింటికి పరిగెత్తి ఫోనడిగి చేతుల ఆఫీసుకు చేసింది. అప్పాజీ గారు చాలా సంతోషించాడు. ఆ ఇల్లు ఇప్పుడు పూర్తిగా అర్హతలో ఉంది.

రూతమ్మ వచ్చింది. "తిన్నావా అమ్మా?" అంది. సత్యవేణి ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నం తింది, నిద్రపోయింది, చెయ్యి దిగింది. మగతలో ఉండగా వంటింట్లోంచి మాటలు వినిపించాయి.

"మళ్ళీ ఎప్పుడొస్తావు అమ్మమ్మా?"

"నువ్వెప్పుడు రప్పిస్తే అప్పుడే. ఆవకాయ జోలికి మాత్రం పోమాక తల్లీ, ఏడాది సరుకు. గాజుయ్యి కూడా వద్దు, కాళ్ళలో గుచ్చుకుంటాయి. స్టీలు పళ్ళేలు పడెయ్యి. అమ్మ కన్నంటుకున్నాక పడేసేవంటే గట్టిగా మోగుతాయి, పోయేదేం ఉండదు."

"మరి భయమేస్తే?"

"కళ్ళు మూసుకో. నువ్వు తెరిచేసరికి నేనొచ్చేత్తాను."

సత్యవేణి కళ్ళు తెరవలేదు. ఇలాంటి ఏర్పాటు ఆ వీధిలో చాలా ఇళ్ళలో ఉందనీ, పిల్లలు ఎవరి వారం ఎప్పుడో బడికెళ్ళే దారిలో మాట్లాడుకుని పెట్టుకుంటారనీ ఆమెకు తర్వాత తెలిసింది. శాఖ పనితీరు బాగుందని ఆ ఏడు అప్పాజీ గారికి శాలువా కప్పారు.

సోమవారం సాయంత్రం షెడ్డుకు బయల్దేరే ముందు సత్యవేణి స్టీలు పళ్ళేలన్నీ పైగూట్లోంచి తీసి, తోమి, తుడిచి, పిల్ల చేతికి అందేలా కిందిగూట్లో పేర్చింది.