వందకు వంద వేలిముద్ర

ఇకమీదట తమ శాఖ రిపోర్టుల్లో "బహుశా" అనే మాట కనిపించకూడదని మంత్రిగారు ప్రకటించిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. మా ఆయన ఆ శాఖలో వేలిముద్రల నిపుణుడు. ఇరవై రెండేళ్ల కాపురంలో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "సరిపోయి ఉండే అవకాశమే ఎక్కువ" అన్నారే తప్ప, సరిపోయిందని ఒక్కనాడూ అనలేదు.

ప్రకటనకి కారణం ఉంది. నిజాయితీలో మొదటి స్థానం వచ్చినందుకు శాఖకిచ్చిన వెండి షీల్డు మంత్రిగారి గదిలోని బీరువాలోంచి మాయమైంది. లోపలి అర మీద సగం బొటనవేలి ముద్ర దొరికింది. కొత్తగా కొన్న యంత్రం ఆ ముద్రని సిబ్బంది ముద్రలతో పోల్చి, గది తుడిచే అక్క పేరు చెప్పింది.

మా ఆయన మూడు పేజీల రిపోర్టు పట్టుకెళ్లారు. మంత్రిగారు చివరి పేజీ చూశారు.

"దగ్గరగా ఉంది, కానీ... ఏంటయ్యా ఈ కానీ?"

"అది సగం ముద్రే సార్. పైగా యంత్రంలో ఉన్నవి పదకొండు మంది ముద్రలే. తుడిచేవాళ్లు, డ్రైవర్లు, కాపలావాళ్లు. ఆఫీసర్లు పరువు తక్కువని ఇవ్వలేదు. ఈ పదకొండు మందిలో ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్ల పేరు చెబుతుంది. ఎవరిదీ కాకపోయినా ఎవరో ఒకరి పేరు చెబుతుంది."

"చూశావా! ఎవర్నీ ఉత్తచేతులతో పంపదు. పనితనమంటే అదీ. నువ్వూ ఉన్నావు, ఎందుకూ!"

దూరదృష్టి అంటే మంత్రిగారిదే. తెర మీద వచ్చే లెక్కలన్నీ తీయించేసి, మొదటి పేరు పక్కన "వందకు వంద" అని మాత్రమే వచ్చేలా చేయించారు.

సాయంత్రం అక్క మా వంటింటి గుమ్మం దగ్గర కూలబడింది.

"అమ్మా, ఆ అర రోజూ తుడిచేది నేనే. నా వేలు పడకపోతే పని ఎగ్గొట్టినట్టు, పడితే దొంగతనం చేసినట్టా? సోమవారం సభ పెట్టి యంత్రాన్ని లాంఛనంగా ప్రారంభించి, అందరి ముందూ నా పేరు చూపించి పనిలోంచి తీసేస్తారంట. తొమ్మిదేళ్ల పనమ్మా!"

నేను మా ఆయన్ని నిలదీశాను. "తీసిందా, లేదా? ఒక్కమాట చెప్పండి."

"ముద్ర ఆమెదే అనుకున్నా, ముట్టుకుందనే తెలుస్తుంది. ఎందుకు ముట్టుకుందో ముద్రకేం తెలుసు?"

"మీతో వేగడం నా వల్ల కాదు," అన్నాను. అక్కకి మాత్రం ఆ మాటతో కాస్త ఊపిరాడింది.

సోమవారం కుర్చీలు నిండాలి కాబట్టి ఉద్యోగుల భార్యల్ని కూడా పిలిచారు. రిబ్బను కత్తిరించడం పాతబడిందని, మంత్రిగారు యంత్రం మీద తన బొటనవేలే నొక్కి ప్రారంభించారు. ఎంత నిరాడంబరత! ఆఫీసర్లు ససేమిరా అన్న పని ఆయన నవ్వుతూ చేశారు. "ఇంకాస్త గట్టిగా సార్," అన్నాడు ఫోటోగ్రాఫర్. ఇంకాస్త గట్టిగా నొక్కారు. ముద్ర, ఫోటో రెండూ యంత్రంలో ఆ పదకొండు మంది కింద పన్నెండో వరసలో చేరాయి.

"ఇప్పుడు దొంగని చూడండి," అన్నారు మంత్రిగారు.

గోడ పక్కన నిలబడ్డ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యంత్రం కాసేపు గుర్రుమంది. తెర మీద పేరు, ఫోటో, కింద "వందకు వంద" వచ్చాయి.

మంత్రిగారి ఫోటో చాలా బాగా పడింది. చప్పట్లు అలవాటైనవాళ్లు కొట్టేశారు కూడా.

మంత్రిగారు గ్లాసుడు నీళ్లు తాగి, మా ఆయన భుజం మీద చెయ్యేశారు.

"సైన్సులో వందకు వంద ఎక్కడైనా ఉంటుందా? అసలది సగం ముద్ర. దగ్గరగా ఉంటే ఉండొచ్చు, కానీ... ఆ తర్వాతేంటయ్యా?"

"కానీ అంతమాత్రాన ఏమీ తేల్చలేం సార్."

"అదీ! ఇంత జాగ్రత్తపరుడు మన శాఖలో ఉండటం మన అదృష్టం."

అక్క పని పోలేదు. మంత్రిగారు తాళంచెవి స్వయంగా ఆమె చేతిలో పెట్టారు.

"తొమ్మిదేళ్లుగా నమ్మకంగా చేస్తున్నావు కదమ్మా. వెళ్లి ఆ బీరువా ఓసారి తుడిచెయ్. లోపలి అర కూడా. సబ్బునీళ్లతో."