మహతీదేవి సగం సంతకం

శుక్రవారం సాయంత్రం ముఖ్యమంత్రి మహతీదేవి సంతకం మధ్యలో ఆపేయడం వల్ల, గుమ్మలవలస గెడ్డ మీద వంతెన కూడా శనివారం తెల్లారేసరికి మధ్యలోనే ఆగిపోయి కనిపించింది. ఊరివైపు గట్టు నుంచి బయలుదేరి, నీళ్ల నడిమి దాకా వెళ్లి, అక్కడ నిలబడిపోయింది. చూడడానికి వచ్చిన ఇంజనీరు, ఉన్నంతవరకు సిమెంటు పని బాగుందన్నాడు.

మహతీదేవి ‘పీఠం’ అనే టీవీ సీరియల్లో ముఖ్యమంత్రి. సీరియల్లో ఆవిడ దేని మీద సంతకం పెడితే అది మర్నాటికల్లా రాష్ట్రంలో ఉంటుంది. మొదట్లో ఒకచోట ఆసుపత్రి, ఇంకోచోట మంచినీళ్ల ట్యాంకు ఇలా మొలిచినప్పుడు ప్రతిపక్షం కొంత గొడవ చేసింది. ట్యాంకులో నీళ్లు కూడా ఉన్నాయని తెలిశాక ఊరుకుంది. అసలు ముఖ్యమంత్రి కూడా ఉన్నారు. ఆయన రిబ్బన్లు కత్తిరిస్తారు, సాయంత్రం ఏడున్నరకు మాత్రం ఎవరినీ కలవరు. ఆ వేళకు కలెక్టరేట్లలో అధికారులంతా మీటింగు హాల్లో టీవీ ముందు చేరి, ఏం మంజూరైందో రాసుకుని, పొద్దున్నే వెళ్లి కొలతలు తీసుకుని, పని పూర్తయినట్టు ధ్రువీకరిస్తారు. జనానికి ఇందులో వింతేమీ కనబడలేదు. అంతకు ముందు మాత్రం సంతకం పెట్టేవాళ్లని ఎవరు చూశారు గనక? ఈవిడ కనీసం పెట్టే ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

గుమ్మలవలస సీరియల్లోకి ఎక్కింది దాలమ్మ వల్ల. ఆమె కోడలు రమణమ్మకు తొలికాన్పు నొప్పులు వచ్చినప్పుడు డోలీ కట్టి మోసుకెళ్తుంటే గెడ్డ పొంగింది. మోసేవాళ్లు గట్టు మీదే ఆగిపోయారు, బిడ్డ దక్కలేదు. రమణమ్మకు ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. కాన్పు శ్రావణంలో, గెడ్డ పొంగేదీ శ్రావణంలోనే. ఆ భయంతో దాలమ్మ కలెక్టరేట్లో సోమవారం గ్రీవెన్సుకు వెళ్లింది. అక్కడ కథల విభాగం చూసే చంద్రమౌళి ఆమె అర్జీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“వంతెన కావాలని ఒక్క ముక్క రాయించావు పెద్దమ్మా. దీంతో ఎపిసోడ్ ఎక్కడవుతుంది? ఆ బిడ్డ సంగతి చెప్పు.”

దాలమ్మ చెప్పింది. చంద్రమౌళి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మనిషి మంచివాడు. “ఇది తప్పకుండా వస్తుంది,” అన్నాడు.

వచ్చింది. గుమ్మలవలస మొత్తం పంచాయతీ ఆఫీసు టీవీ ముందు కూర్చుని చూసింది. టీవీ దాలమ్మ అసలు దాలమ్మ కంటే కాస్త రంగు తేలి, నేత చీర కట్టుకుని, మహతీదేవి కాళ్ల మీద పడింది. మహతీదేవి ఆమెను లేవనెత్తి, గుండెకు హత్తుకుని, కలం తీసి ‘మహ’ అని రాసింది. సరిగ్గా అప్పుడే మరిది భూపతి తలుపు తోసుకుని వచ్చి, “ఆ సంతకం పూర్తిచేసే ముందు నీ భర్త మజ్జిగలో విషం కలిపిందెవరో తెలుసుకో వదినా!” అన్నాడు. కెమెరా కలాన్ని, ఆవిడ మొహాన్ని, మళ్లీ కలాన్ని చూపించి ఆగిపోయింది. ‘తీదేవి’ మిగిలిపోయింది.

సోమవారం మహతీదేవి గతం మొదలైంది. ఆమె బాల్యం వచ్చింది, పెళ్లిచూపులు వచ్చాయి, తోడికోడలు సుమిత్ర నవ్వీ నవ్వని నవ్వు వచ్చింది. కలం మాత్రం చేతిలోనే ఉంది. ఒకరోజు కోపంలో ఆవిడ కలాన్ని కాగితం మీద నుంచి ఎత్తింది. మర్నాడు వంతెనకు కుడివైపు రెయిలింగు లేదు. సీరియల్‌కు ఇంత ఆదరణ ఎన్నడూ లేదని పేపర్లు రాశాయి.

ఊరు సగం వంతెనకు అలవాటు పడింది. పొద్దున దాని మీద మిరపకాయలు ఎండేస్తారు. సాయంత్రం పొరుగూళ్ల కుర్రకారు వచ్చి చివర నిలబడి ఫొటోలు దిగుతారు. సింహాచలం అనే ఆయన అక్కడే టార్పాలిన్ కట్టి టీ కొట్టు పెట్టాడు. గుమ్మలవలస ఎక్కడుందని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఊరందరికీ అదో గర్వం. విషం ఎవరు కలిపారన్న చర్చ లేకుండా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజుకోవడం లేదు. దాలమ్మ ఒక్కతే కోడలి కడుపు వైపూ మబ్బుల వైపూ చూస్తూ తిరిగేది. ఉండబట్టలేక మళ్లీ చంద్రమౌళి దగ్గరికి వెళ్లింది.

“ఆ తల్లి సేత సంతకం ఎట్టించీండి బాబూ. ఆ యిసం గోల తరవాత సూసుకోవచ్చు.”

“నా చేతుల్లో ఏముంది పెద్దమ్మా? ప్రజల నిర్ణయానికి వదిలేశారు. వెంటనే సంతకం పెట్టాలంటే ఫోన్లో ఒకటి నొక్కాలి. ముందు హంతకులెవరో తేల్చాలంటే రెండు.”

దాలమ్మ గడపగడపకీ తిరిగింది. అందరూ ఒకటే నొక్కుతామన్నారు. “మన బిడ్డ కాదేటత్తా రమణమ్మ,” అన్నారు. ఫలితం వచ్చిన రోజు రాష్ట్రం మొత్తం రెండు అంది. పటంలో గుమ్మలవలసను ప్రత్యేకంగా చూపించారు. అదీ రెండే అంది. పంచాయతీ ఆఫీసులో ఎవరికి వాళ్లు కండువాలు సర్దుకున్నారు. దాలమ్మ కొడుకు తవుడు, అంటే రమణమ్మ మొగుడు, తల ఎత్తలేదు.

“నువ్వేటి నొక్కినావురా?”

“సంతకం ఎలాగూ ఎడతాదమ్మా. ఆ యిసం ఎవులు కలిపినారో తెలీకపోతే నిద్దరట్టదు గదా.”

ఊరంతా ఒక్కటైతే ఎవరిని తిట్టాలో తెలియక దాలమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

శ్రావణం వచ్చింది. వాన పడుతున్న సాయంత్రం, సీరియల్ మొదలయ్యాక, రమణమ్మకు నొప్పులు వచ్చాయి. దాలమ్మ తడుస్తూ పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తింది. టీవీలో సుమిత్ర వంటింట్లోకి వెళ్తోంది. డోలీ మోసేవాళ్లు టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, “బ్రేకొచ్చీనాదంటే లెగిసిపోతామత్తా,” అన్నారు. అబద్ధం ఆడలేదు. బ్రేక్ రాగానే లేచారు. ప్రాణం పెట్టి పరుగెత్తారు కూడా. వంతెన చివరికి చేరేసరికి అవతలి గట్టు మీద అంబులెన్సు లైటు వేసుకుని సిద్ధంగా ఉంది. మధ్యలో ‘తీదేవి’ అంత నీళ్లున్నాయి. సింహాచలం టార్పాలిన్ విప్పి పట్టుకున్నాడు. దాని కింద, వంతెన కొసన, ఆడపిల్ల పుట్టింది. గెడ్డ తగ్గేదాకా ఆ పిల్ల ప్రాణం ఆగలేదు. రమణమ్మ మాత్రం బతికింది.

చంద్రమౌళి స్వయంగా పరామర్శకు వచ్చాడు. అంతా విని కళ్లద్దాలు తుడుచుకుని వెళ్లాడు. ఆ గురువారమే అది సీరియల్లో వచ్చింది. టీవీ దాలమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. అసలు దాలమ్మ ఏడవనే లేదు గనక, ఊరికి ఆ ఏడుపే సబబుగా అనిపించింది. మహతీదేవి కన్నీటిబొట్టు కాగితం మీద పడి ‘హ’ చెరిగిపోయింది. మర్నాడు వంతెన చివరి పలక లేదు. రమణమ్మ ప్రసవించింది ఆ పలక మీదే.

ప్రజల దుఃఖాన్ని గౌరవించి మరోసారి ఓటింగు పెట్టారు. ఈసారి ఊరు నిజంగానే సిగ్గుపడింది. ఒకటే నొక్కి, ఒకరి ఫోన్లు ఒకరికి చూపించుకున్నారు. దాలమ్మకు, రమణమ్మకు పంచాయతీ ఆఫీసులో ముందు వరసలో చాప వేశారు. రమణమ్మ గోడకు జేరబడి టీవీ వైపు చూస్తోంది. పిల్ల పోయిన రోజు నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. బ్రేక్ వచ్చినప్పుడు తవుడు ఫోను తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

“నువ్వే నొక్కమ్మా. ఒకటి.”

దాలమ్మ ఫోను పట్టుకుని కాసేపు కోడలి కడుపు వైపు చూసింది.

“ఇప్పుడు తొందరేటుందిరా,” అంది. “ఆ యిసం ఎవులు కలిపినారో సూద్దుమీ. ఆ తోడికోడలే అయ్యుంటాది.”

రెండు నొక్కింది.

“తోడికోడలు కాదత్తా, మరిదే,” అంది రమణమ్మ.

బ్రేక్ అయిపోయింది. వెనక ఎవరో సౌండు పెంచారు.